పొక్లెయిన్ కంటే ముందు పురావస్తు నిపుణులు
లండన్‌లో క్రాస్‌రైల్ మార్గం కోసం లివర్‌పూల్ స్ట్రీట్ దగ్గర నేల తవ్వడానికి ముందే, అక్కడ 1569లో మొదలైన పాత శ్మశానం ఉందని పురావస్తు నిపుణులకు తెలుసు. పాత పటాలు, రికార్డులు చదవడం, అక్కడక్కడ పరీక్ష గుంటలు తీయడం వాళ్ల పనిలో మొదటి భాగం. అందుకే 2015లో మూడు వేలకు పైగా అస్థిపంజరాలను, ఏది ఏ పొరలో ఎలా ఉందో నమోదు చేస్తూ వెలికితీయగలిగారు. మరుసటి ఏడాది వాటిలో కొన్నింటి పళ్లలో 1665 నాటి ప్లేగు క్రిమి డీఎన్ఏ దొరికింది. లండన్‌ను వణికించిన ఆ మహమ్మారికి ఏ క్రిమి కారణమో ఆ ఎముకలే చెప్పాయి. పొక్లెయిన్ ముందు దిగి ఉంటే ఈ సాక్ష్యం మట్టితోపాటు లారీల్లో వెళ్లిపోయేది.

ఇలా ముందే సర్వే చేస్తే పనులు ఆలస్యమవుతాయి, ఖర్చు పెరుగుతుంది అనే మాటను కొట్టిపారేయలేం. కానీ పని సగంలో ఉండగా సమాధులో గోడలో బయటపడితే అయ్యే ఆలస్యం ఇంకా పెద్దది. దారి ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే సర్వే చేస్తే దాన్ని కాస్త పక్కకు జరపొచ్చు. అమెరికాలో ఫెడరల్ నిధులతో వేసే రోడ్లకు 1966 నాటి చట్టం ఈ పరిశీలనను తప్పనిసరి చేసింది. మన దేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, 2010 సవరణ తర్వాత, కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలను నిషేధిస్తోంది. ఇంకా ఎవరూ గుర్తించని, నేలలోనే ఉన్న చరిత్రకు ఆ రక్షణ లేదు. రహదారి ప్రాజెక్టు నివేదికలోనే పురావస్తు సర్వేకు చోటు, డబ్బు, గడువు కేటాయించాలని అడిగేది అందుకే.