బరిలో ధర్మము

ముష్టియుద్ధమను మాట చెవిని బడినంతనే మనలో కొందరు మీసము దువ్వుదురు. కొందరు చెవులు మూసికొందురు. మొదటివారికి అది వీరవినోదము, రెండవవారికి మొరటుతనము. ఈ యిరుదెగలవారును దెబ్బను మాత్రమే చూచుచున్నారు. ఆ దెబ్బ యే నియమమునకు లోబడి పడినది, ఎవరికెవరిని జతపరచిరి, గెలుపోటములను తేల్చినవారెవరు అని విచారించువారు తక్కువ. భాషకు వ్యాకరణమెట్టిదో క్రీడకు నియమమట్టిది. నియమము తొలగిన పోరు వట్టి కొట్లాటయే. ఈ విషయమునే ఒక సంవత్సరపు వృత్తాంతము నాధారముగా గొని నేడు మీకు విన్నవింపదలచితిని. ఆ సంవత్సరము 2022. ఆ క్రీడాకారిణి 1996 జూన్ 14వ తేదీన నిజామాబాదున జన్మించిన తెలుగునాటి ఆడుబిడ్డ నిఖత్ జరీన్.

దేహబలమన్నది మన సీమకు క్రొత్త కాదు. ఇనుపగొలుసులు త్రెంచి, ఏనుగును ఱొమ్మున నిలిపి, కలియుగభీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు వీరఘట్టమువారు. 1942లో వారు కీర్తిశేషులైనను శ్రీకాకుళమున వారి పేర క్రీడాప్రాంగణము నిలిచియున్నది. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోల బరువులెత్తి, భారతస్త్రీలలో ప్రప్రథమముగా ఒలింపిక్ పతకము సంపాదించిన కరణం మల్లీశ్వరి మన జిల్లా ఆడపడుచు. నిఖత్ జరీన్‌కును మన సముద్రతీరముతో సంబంధము కలదు. తండ్రి యొద్ద తొలిపాఠము నేర్చి, 2009లో విశాఖపట్టణపు క్రీడాశిక్షణాలయమున జేరి, ద్రోణాచార్య పురస్కారగ్రహీతయగు ఐ. వెంకటేశ్వరరావుగారి శిక్షలో నామె రాటుదేలెను. 2011లో తుర్కీదేశమున బాలికల ప్రపంచవిజేత యయ్యెను. అయితే బలమును ప్రదర్శించుట వేఱు, బలముతో పోటీపడుట వేఱు. ఏనుగును మోయువానికి ఏనుగుతో వాదము లేదు. ఎదుట మఱియొక మనుష్యుడు నిలిచినప్పుడే ధర్మప్రశ్న పుట్టుచున్నది.

ఆ ప్రశ్నను మన పెద్దలు రెండుచోట్ల స్పష్టముగా నెత్తిరి. మొదటిది భాగవత దశమస్కంధమున. కంసుని మల్లరంగమునందు కొండలవంటి చాణూర ముష్టికులకెదురుగా రామకృష్ణులను బాలురను నిలిపిరి. మేము బాలురము, సమబలులతోనే మాకు పోరు తగును, లేకున్న సభవారికి అధర్మము సోకునని కృష్ణుడే తొలుత పలికెను. చూడవచ్చిన మథురాపుర స్త్రీలును, ఈ జత సరికాదు, ఇట్టి సభలో నుండుటయే పాపమని వాపోయిరి. దోషము కొట్టువానిది మాత్రమే కాదు, జతగూర్చినవానిది, చూచి యూరకున్నవానిది కూడనని తాత్పర్యము.

రెండవది భారత ఆదిపర్వమున. కుమారుల అస్త్రవిద్యాప్రదర్శనమునాడు కర్ణుడు రంగముజొచ్చి అర్జునునితో పోరగోరెను. అప్పుడు కృపాచార్యుడు అతని విద్య నడుగలేదు. తల్లిదండ్రులెవరు, ఏ రాజవంశమని యడిగెను. దుర్యోధను డతనికి అంగరాజ్యము కట్టబెట్టెను గాని, ప్రొద్దుగ్రుంకెను, పోరు జరుగనేలేదు. ఆనాడు తేలవలసినది తేలకపోవుటచే ఎంత వైరము పెరిగెనో మీరెరుగుదురు. ఒకచోట జరుగరాని పోరు జరిగినది. మఱియొకచోట జరుగవలసిన పోరు జరుగలేదు. నేటి క్రీడానియమములలో ముఖ్యమైనవన్నియు ఈ రెండు దోషముల నివారణకే యేర్పడినవని నా యభిప్రాయము.

మొదటి దోషమునకు మందు త్రాసు. బాక్సింగులో పోటీదారులను బరువునుబట్టి తరగతులుగా విభజింతురు. పోటీనాటి యుదయమున త్రాసుపై నిలిచి, తన తరగతి హద్దును మీరలేదని చూపినవారికే బరిలో ప్రవేశము. ఈ త్రాసు లేనినాడు ఏమగునో చెప్పుటకు పరదేశపు టుదాహరణ మొకటి కలదు. చేతులతోపాటు కాళ్లతోను కొట్టు కిక్ బాక్సింగను క్రీడను జపానుదేశమున ఇషీ కజుయోషి యను కరాటే ఆచార్యుడు కె-1 అను పేర గొప్ప వినోదవ్యాపారముగా నడపెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన టోక్యోలో నాతడు ఎనమండుగురు యోధులను రప్పించి, బరువునకు హద్దు లేకుండ, ఒక్క రాత్రిలోనే మొదటి పోరునుండి తుదిపోరువఱకు జరిపించెను. ముప్పదియెనిమిదేండ్ల క్రొయేషియా యోధుడు బ్రాంకో సికాటిచ్ ముగ్గురిని వరుసగా పడగొట్టి విజేత యయ్యెను. వానిచేత మొదట పడినవాడు తాయిదేశపు చాంగ్‌పుయెక్. ఇతడు వానికన్న చాల తక్కువ బరువువాడు. తుదిపోరున పడినవాడు డచ్చిదేశపు ఎర్నెస్టో హూస్ట్. అదే యేటి డిసెంబరు 19వ తేదీన నా సంస్థయే బరువునకు హద్దు పెట్టి వేఱొక పోటీ జరిపెను. అందు తుదిపోరు హూస్ట్‌కును చాంగ్‌పుయెక్‌కును జరిగెను, హూస్ట్ గెలిచెను. వసంతమున మొదటి పోరులోనే నేలబడినవాడు హేమంతమున తుదిపోరుదాక రాగలిగెను. ఎనిమిది మాసములలో మనిషి మాఱలేదు, త్రాసు వచ్చినది. ఇట్టి ప్రదర్శనలలో యోధుల నేర్చువాడు, జతగూర్చువాడు, ద్రవ్యమిచ్చువాడు సాధారణముగా నొక్కడే. చూచువారికి సంబరమే గాని, ఫలితమును తూచుటకు మనము చాల జాగ్రత్త పడవలెను.

రెండవ దోషమునకు మందు అర్హతాపరీక్ష. ఇది నిఖత్ జరీన్ జీవితముననే తటస్థించినది. 2017లో భుజమునకు గాయమై యామె బరికి దూరమయ్యెను. తిరిగివచ్చి 2019లో, టోక్యో ఒలింపిక్సు అర్హతపోటీలకు ఎవరిని పంపవలెనన్న ప్రశ్న రాగా, ఆరుసార్లు ప్రపంచవిజేతయైన మేరీ కోమ్‌ను పరీక్ష లేకుండ పంపుదురన్న మాట వినవచ్చెను. నిఖత్ కేంద్ర క్రీడాశాఖామాత్యునకు లేఖ వ్రాసెను. ఆమె కోరినది స్థానము కాదు, న్యాయమైన పరీక్ష మాత్రమే. 1919 కాదు, 2019లో కూడ నొక యువతి యింతమాత్రము నడుగవలసివచ్చెను! డిసెంబరు 28వ తేదీన ఢిల్లీలో పరీక్ష జరిగెను. నిఖత్ 9–1 తేడాతో ఓడిపోయెను. అప్పుడు కొందరు, ఇంత గోల యెందులకని నవ్విరి. నేనట్లనుకొనను. ఓడిపోవు హక్కు కూడ బరిలోనే సంపాదింపదగినది. బిరుదు చూచి కాక బరి చూచి నిర్ణయించుట యను మర్యాద నిలిచినది. గెలిచిన పెద్దామెకు కూడ ఆ గెలుపు వన్నె తెచ్చినదే.

ఇక 2022వ సంవత్సరమునకు వత్తము. ఫిబ్రవరిమాసమున బల్గేరియా రాజధాని సోఫియాలో స్ట్రాంజా స్మారకపోటీలు జరిగెను. నిఖత్ 52 కిలోల తరగతిలో దిగెను. ఉపాంత్యపోరున నెదురైనది తుర్కీదేశపు బూసె నాజ్ చకిరోగ్లు. టోక్యో ఒలింపిక్సులో రజతపతకము గొన్న ధీర. నిఖత్ 4–1 గా గెలిచెను. తుదిపోరున ఉక్రెయిన్‌కు జెందిన టెటియానా కాబ్ మీద కూడ 4–1 గా గెలిచి స్వర్ణము గైకొనెను.

మేమాసమున ఇస్తాంబులు నగరమున ప్రపంచపోటీలు. మెక్సికో, మంగోలియా, ఇంగ్లండు, బ్రెజిలు దేశముల యువతులను వరుసగా నోడించి, 19వ తేదీన తాయిదేశపు జుటామాస్ జిట్‌పాంగ్‌తో తుదిపోరు సలిపెను. ఫలితము 5–0. ఈ యంకెలను చూచి, ఒకామె అయిదు దెబ్బలు కొట్టెను, రెండవయామె యొక్కటియు కొట్టలేదని భ్రమపడువారు కలరు. అట్లు కాదు. ఆ యైదు దెబ్బల లెక్క కాదు, అయిదుగురు న్యాయనిర్ణేతల లెక్క. పోరు మూడు నిమిషముల చొప్పున మూడు రౌండ్లు. ప్రతి రౌండునకును మెఱుగైనవారికి 10, రెండవవారికి సాధారణముగా 9 గుణములు. ఒక్కొక్క నిర్ణేత యితరులతో సంప్రదింపక తన లెక్క తాను వేయును. శుభ్రముగా దగిలిన దెబ్బలెన్ని, బరిలో పైచేయి యెవరిది, నేర్పెవరిది అని చూచును. ఆనాడు ఇద్దరు నిర్ణేతలు 30–27 అనిరి. అనగా మూడు రౌండ్లును నిఖత్‌వే. ముగ్గురు 29–28 అనిరి. అనగా నొక రౌండు తాయి యువతిదే. కావున 5–0 యన్నది ఏకగ్రీవమే గాని ఏకపక్షము కాదు. ఓడినయామె పరాక్రమము ఆ 28లో దాగియున్నది. అంకెను చదువ నేర్చినవాడు ఓడినవారిని అవమానింపడు.

ఆ గెలుపుతో మేరీ కోమ్, సరితాదేవి, జెన్నీ, లేఖ అనువారి తరువాత ప్రపంచవిజేతయైన అయిదవ భారతనారిగా నిఖత్ పేరొందెను.

ఆగస్టుమాసమున బర్మింగుహాములో కామన్‌వెల్తు క్రీడలు. ఇక్కడ నామె 52 విడిచి 50 కిలోల తరగతికి దిగెను. కారణమేమనగా, పారిస్ ఒలింపిక్సుకు మహిళల తరగతులలో 50 కిలోలు నిర్ణయింపబడియుండెను. రెండు కిలోలు మనకు రెండు వీసెలైన కావు. అప్పటికే కొవ్వు లేని దేహమున, బలము తగ్గకుండ ఆ రెండు కిలోలు తగ్గించుట తపస్సువంటిది. 7వ తేదీన ఉత్తర ఐర్లండుకు జెందిన కార్లీ మక్‌నాల్‌ను 5–0 గా గెలిచి స్వర్ణము నందెను. డిసెంబరులో భోపాలున జాతీయపోటీలు. ప్రపంచవిజేతకు జాతీయపోటీ యెందులకని యడుగవచ్చును. మూడేండ్లకు ముందు తాను కోరిన ధర్మమునకు ఇప్పుడు తాను లోబడవలెను గదా! అక్కడ తెలంగాణ పక్షమున దిగి, తుదిపోరున అనామికను 4–1 గా గెలిచెను. నాలుగు పోటీలు, నాలుగు స్వర్ణములు. కాని నా కన్నిటికన్న ఆ చివరిదే ముద్దు.

నియమములున్నంతమాత్రమున భాగ్యము మన చేతిలో నుండదని కూడ చెప్పవలెను. 2023 మార్చిలో ఢిల్లీలో నిఖత్ రెండవసారి ప్రపంచవిజేత యయ్యెను. 2024లో పారిస్ ఒలింపిక్సున, చీటీలు తీయగా, రెండవ పోరులోనే చైనాదేశపు వూ యు ఎదురయ్యెను. నిఖత్ ఓడెను. ఆ వూ యు తుదకు స్వర్ణము గెలిచెను. తుదిపోరున నామెచేత నోడినది మనము సోఫియాలో చూచిన చకిరోగ్లుయే. చీటీ మఱియొక విధముగా పడియున్న కథ వేఱుగా నుండెడిదేమో. కాని చీటీ యందరకును సమానమే. అంతేకాదు, నియమమును గాచువారిని గాచుటయు నవసరము. ఇస్తాంబులు పోటీలు జరిపిన అంతర్జాతీయ బాక్సింగు సంఘమునకు, దాని పాలనమునందును తీర్పులయందును లోపములున్నవని, ఒలింపిక్ సంఘము 2023 జూన్‌లో గుర్తింపు రద్దుచేసెను. తరువాత వరల్డ్ బాక్సింగ్ అను క్రొత్త సంఘమునకు 2025లో తాత్కాలికముగా గుర్తింపునిచ్చెను. త్రాసును కూడ అప్పుడప్పుడు తూచవలెనన్నమాట.

ఇదంతయు మా బారువ యిసుకతీరమున కేమి సంబంధమని యడుగుదురేమో. తెల్లవారకమునుపే మహేంద్రతనయ సముద్రముగలియు చోట సైన్యపు కొలువులకై పరుగెత్తు యువకులను నేను దినమును చూచుచున్నాను. ఆడపిల్లలును ఇప్పుడిప్పుడే పరుగెత్తుచున్నారు. మా అమ్మాయి బాక్సింగు నేర్తునన్నది, పంపవచ్చునా మాష్టారూ అని అడుగు తలిదండ్రులు కలరు. ఆడపిల్లకు తగునా యన్నది వారి సందేహము. తగునా యన్నది 2012 లండను ఒలింపిక్సున మహిళల బాక్సింగు చేరినప్పుడే తీఱిన ప్రశ్న. మీరడుగవలసిన ప్రశ్నలు వేఱు. అచ్చట త్రాసున్నదా? వయస్సునకు, బరువునకు తగిన జత యిత్తురా? తలకు, పండ్లకు రక్షణ యున్నదా? దెబ్బ తగిలినప్పుడు పోరాపగల మధ్యస్థుడును, పరీక్షింపగల వైద్యుడును ఉన్నారా? తలకు దెబ్బ తగిలిన బిడ్డను విశ్రాంతికి పంపుదురా, మరునాడే బరికి దింపుదురా? తలకు పడు దెబ్బలు పదేపదే పడిన మెదడునకు చేటని వైద్యులు చెప్పుచున్నారు. ఈ విషయమున మొగమాటము పనికిరాదు. ఈ ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పు గురువుకడకు నిర్భయముగా పంపుడు. చెప్పలేనివాని కడకు కొడుకునైనను పంపవలదు.

అట్లే మన తిరునాళ్లలో పందెము కాసి, చిన్నవానిని పెద్దవానికెదురుగా త్రోసి, ఈలలు వేయు వేడుక యెక్కడైన కనబడినచో, మథురాపుర స్త్రీలు పలికిన మాట పలుకుడు. వారి చేతిలో నాడు అధికారము లేదు, ఆయుధము లేదు. అయినను ఇది అధర్మమని నోటితో ననిరి. బరిలోని ధర్మమును నిలుపువారు బరిలోని యిద్దరే కారు, చుట్టును కూర్చున్న మనమందరము కూడ.