మా లైబ్రరీ గ్రూపు

సాయంత్రం ఏడు దాటితే మా యింట్లో నాలుగు దీపాలు వెలుగుతాయి. ఒకటి వంటింట్లోది, ఒకటి వరండాలోది. మిగతా రెండూ మా పిల్లల ముఖాల మీద. ఆ రెండింటికీ స్విచ్చి మాత్రం మా చేతిలో లేదు. ఈ మాట చదవగానే "మా యింట్లోనూ యిదే భాగవతం" అని మీలో సగంమంది అనుకొంటారని నాకు తెలుసు.

అయితే నేను వ్రాయబూనింది యింటి గొడవ కాదు. నేను తెలుగు ఎం.ఏ. ప్యాసయి, పదహారు పదిహేడేళ్ల పిల్లలకు తెలుగు చెప్పుకొని బ్రతుకుతున్నవాణ్ణి. కాపురం కోటబొమ్మాళిలో. పొద్దున్నే బస్సెక్కి ఓ జూనియర్ కళాశాలకు వెళ్లి సాయంత్రానికి తిరిగివస్తాను. ఆ కళాశాలలో లైబ్రరీ అనబడే గది ఒకటుంది. అందులో రెండు బీరువాలు, ఓ పొడవాటి బల్ల, గోడకు ఆగిపోయిన గడియారం. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడానికే ఒక పీరియడు పట్టేది. నేను చెప్పబోయేది ఆ బీరువాలకూ ఈ ఫోనులకూ నేను కుదిర్చిన పెళ్లి సంగతి. పెళ్లిపెద్దగా నేను చేసిన తప్పు సంగతి కూడా.

మొదట ఒక నిజం ఒప్పుకోవాలి. పిల్లల చేతికి ఫోను యిచ్చింది మేమే. అంతవరకూ ఫోను కనిపిస్తే లాక్కొని బల్లసొరుగులో పెట్టేవాళ్లం. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, నిజమే. కాని నోట్సు పంపడానికీ, హోంవర్కు అడగడానికీ వాట్సాప్ తప్ప దారి లేకపోయింది. "అమ్మా, మీ అబ్బాయికి ఫోను కొనివ్వండి, చదువు పాడవుతుంది" అని నేనే ఎంతమంది తల్లులతో అన్నానో! యింటికి ఒకే ఫోను, ముగ్గురు పిల్లలు, ఆ ఫోను జేబులో వేసుకొని పనికిపోయే తండ్రి. ఆ అవస్థ చూసినవాళ్లకు తెలుసు. తీరా బడులు తెరిచాక, "ఫోను ముట్టుకొంటే చదువు పాడవుతుంది" అన్నాం. 2023 ఆగస్టులో మన రాష్ట్రంలో బడుల్లోకి పిల్లలు ఫోనులు తేకూడదని ఉత్తర్వు కూడా వచ్చింది. మూడేళ్లలో మాట రెండువిధాల మార్చిన పెద్దల్ని చూసి పిల్లలు నవ్వుకొన్నారంటే తప్పు వాళ్లదా?

ఈ నవ్వు పోగొట్టుకోవాలనే కాబోలు, ఒకనాడు నాకో ఆలోచన తట్టింది. ఎలాగూ సాయంత్రమంతా వాట్సాప్‌లోనే ఉంటారు గదా, అక్కడికే పుస్తకాన్ని తీసుకుపోతే? "మా లైబ్రరీ" అని ఒక గ్రూపు పెట్టాను. షరతు ఒకటే. బీరువాలోంచి ఒక పుస్తకం పట్టుకెళ్లినవాళ్లు, అది ఎలా ఉందో నాలుగు మాటలు గ్రూపులో చెప్పాలి. బాగులేదని చెప్పినా సరే.

మొదటి రెండు వారాలు గులాబీపూలు వచ్చాయి. పొద్దున్నే శుభోదయం, రాత్రికి శుభరాత్రి, మధ్యలో పండుగ శుభాకాంక్షలు. పుస్తకం ఊసు లేదు. యింట్లో నా భార్య, "మీ లైబ్రరీలో పుస్తకాలకంటె పువ్వులే ఎక్కువున్నాయే" అని ఎగతాళి చేసింది.

మూడోవారం ఒక వెనకబెంచీ కుర్రాడు వ్రాయడానికి బద్ధకించి మాట రికార్డు చేసి పంపాడు. తరగతిలో పేరు పిలిస్తే "ప్రెజెంట్" అనడానికి కూడా గొంతు పెగలనివాడు. కాళీపట్నం రామారావుగారి కథ ఒకటి చదివి, అందులో మనుషులు వాళ్ల తాతలాగే మాట్లాడారనీ, "పుస్తకంలో ఇలగ కూడా రాస్తారేటి సార్?" అనీ అడిగాడు. ఆ రాత్రి మరో ఆరుగురు తమ గొంతులు పంపారు. ముందుబెంచీవాళ్లు ఒక్కరూ లేరు అందులో!

ఆ కుర్రాడి ప్రశ్న తేలికైంది కాదు. కారా మాస్టారు మన జిల్లావారు. లెక్కల మాస్టారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో తెలుగు కథలకోసమే కథానిలయం నెలకొల్పారు. 2021 జూన్‌లో వెళ్లిపోయారు. అచ్చయిన తెలుగు కథ ఎక్కడున్నా పోగుచేయాలన్నది ఆయన పట్టుదల. యిప్పుడు కథానిలయం వెబ్‌సైటులో ఆ పాతపత్రికల కథలు పుటలు పుటలుగా ఫోనులోనే చదువుకోవచ్చు. మా బీరువాలో లేనిది అక్కడ దొరికింది. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువమీద పడవలో పుస్తకాలు వేసి ఊరూరా తిప్పారని మనం గర్వంగా చెప్పుకొంటాం. రీల్సు చూసే ఫోను కూడా పడవే. సరుకు వేసేవాడు కావాలి.

భాష సంగతి కూడా చెప్పాలి, తెలుగు పంతుల్ని గనుక. పిల్లలు తెలుగును ఇంగ్లీషక్షరాల్లో వ్రాస్తారు. ఆ అక్షరాలకు ల-ళలు ఒకటే, త-టలు ఒకటే, హ్రస్వదీర్ఘాల పట్టింపు లేదు. ఒక అమ్మాయి "మా మామయ్య పాడే పాటలు" అని వ్రాస్తే నేను "పాడె" అని చదువుకొని, పాపం మామయ్య పోయాడనుకొని ఓదార్పు మాటలు పంపాను. మామయ్యగారు నిక్షేపంగా ఉన్నారట! మొదట్లో కోపగించుకొన్నాను. తర్వాత గిడుగువారు గుర్తుకొచ్చారు. ఈ శ్రీకాకుళం గడ్డమీద పుట్టి, పర్లాకిమిడిలో పంతులుపని చేస్తూ, జనం నోట ఉన్న తెలుగు బడిలోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి. ఈ పిల్లలు వ్రాసేది నోటిమాటే, వేషమే పరాయిది. అందుకని తిట్టడం మాని, ఫోనులో తెలుగు కీబోర్డు ఎలా తెచ్చుకోవాలో బల్లచుట్టూ కూర్చోబెట్టి చూపించాను. సగంమంది మారారు. సగంమంది మారలేదు. మాట చెబితే తానే వ్రాసే సదుపాయం కూడా ఉంది గాని, "ఏటి సేత్తన్నావు" అంటే అది తెల్లబోయి మరేదో వ్రాస్తుంది. దానికి మన యాస యింకా పట్టుబడలేదు.

యిక నా తప్పు.

ఒక అమ్మాయి వాళ్ల నాన్నగురించి ఒక పేజీ వ్రాసింది. ఆయన చెన్నైలో భవనాల పనికి పోతాడు. సంక్రాంతికి వచ్చి వెళితే మళ్లీ కొత్తమ్మతల్లి జాతరకే రావడం. వచ్చిన రాత్రి తల్లి ఏం వండుతుందో, ఆయన నిద్రపోతుంటే చేతులమీది సిమెంటు పగుళ్లను తమ్ముడు ఎలా లెక్కపెడతాడో, అంతే వ్రాసింది. పాతికేళ్లుగా వ్యాసాలు దిద్దుతున్న నా కళ్లు చెమర్చాయి. ఉత్సాహం పట్టలేక ఆ అమ్మాయిని బీరువా పక్కన నిలబెట్టి, కాగితం పట్టుకొమ్మని ఫొటో తీసి, పేరుతోసహా గ్రూపులో పెట్టాను. "అందరూ చదవండి" అన్నాను. చదివారు. తోటి పిల్లవాడొకడు తన స్టేటసులో పెట్టుకొన్నాడు. అది చూసి వాడి అన్న ఇంకో గ్రూపులో వేశాడు. అక్కడినుంచి ఎటు పోయిందో తెలియదు. నారాయణవలస పశువుల సంతలో కూడా ఏ దూడ ఏ ఊరికి పోయిందో అడిగితే చెప్పేవాళ్లుంటారు. ఈ సంతలో ఉండరు. కాగితం ఎక్కడో తెగిపోయింది. ఫొటో మాత్రం మిగిలింది. దానికింద ఎవరో కొత్త మాటలు చేర్చారు. ఆ మాటలు యిక్కడ వ్రాయను.

సోమవారం ఆ అమ్మాయి చోటు ఖాళీగా ఉంది. మంగళవారమూ అంతే. బుధవారం సాయంత్రం వాళ్ల ఊరు వెళ్లాను. వాకిట్లో నాయనమ్మ కూర్చొని ఉంది. తల్లి గ్లాసుతో మంచినీళ్లు యిచ్చింది గాని తలెత్తలేదు. అమ్మాయి లోపల్నుంచి రాలేదు.

"మా బొట్టి ఏటి తప్పు సేసింది బావూ?" అంది ముసలమ్మ.

"ఏ తప్పూ చేయలేదమ్మా. తప్పు నాది" అన్నాను.

తల్లి ఫోను కలిపి నా చేతికిచ్చింది. అవతల తండ్రి. కోపంగా అరుస్తాడనుకొన్నాను. అరవలేదు. "మేస్టారూ, మీరు మంచికే సేసినారు. నాను కాదన్ను. కానీ నా కూతురి ఫొటో నాకంటే ముందల నా పక్కన పనిసేసీవోడు సూసినాడు. ఆడు నాకు సూపించినాడు. నన్నడిగినారేటి?"

"లేదండీ."

"పోనీ, దాన్నడిగినారా?"

దానికీ జవాబు లేదు. పిల్ల నవ్వుతూ నిలబడితే ఒప్పుకొన్నట్టే అనుకొన్నాను. మాస్టారు నిలబడమంటే ఏ పిల్ల కాదంటుంది?

ఆ అమ్మాయి తిరిగి కళాశాలకు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ స్టేటసు పెట్టిన కుర్రాణ్ణి పంపించేయాలని కొందరన్నారు. వాడు నేర్చుకొన్నది నా దగ్గరే గదా! అడగకుండా పెట్టడం మొదలుపెట్టింది నేను.

చట్టం సంగతి సిగ్గుతో ఆ తర్వాతనే చదివాను. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారినందరినీ పిల్లలుగానే లెక్కగట్టింది. కంపెనీలైనా సంస్థలైనా వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. ఆస్ట్రేలియావారు ఒకడుగు ముందుకు వేసి, పదహారేళ్లలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబు వంటివాటిలో ఖాతాలే ఉండరాదని 2025 డిసెంబరు 10 నుంచి అమలుపెట్టారు. వాట్సాప్‌ను మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. వాళ్ల పద్ధతి ఫలిస్తుందో లేదో గాని, నాకు మటుకు తాళం వేయడంమీద పెద్ద నమ్మకం లేదు. బీరువాలకు ఎన్నేళ్లు తాళం వేసి ఏం సాధించాం?

పాత గ్రూపు మూసేశాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. అటువంటి గ్రూపులో చేరినవారందరికీ అందరి నెంబర్లూ కనిపిస్తాయి. ఆడపిల్లలు యిచ్చినవి చాలావరకు తల్లుల నెంబర్లు. అంటే ముక్కూమొహం తెలియని కుర్రాళ్ల చేతుల్లో నలభైమంది తల్లుల నెంబర్లు నేనే పంచిపెట్టానన్నమాట! యిప్పుడు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడుతున్నాను. నేను పంపింది ఒక్కొక్కరికీ విడిగా చేరుతుంది. ఒకరి నెంబరు మరొకరికి కనబడదు. నా నెంబరు వాళ్ల ఫోనులో దాచుకొని ఉండాలి, అంతే.

పిల్లలు వ్రాసేది మొదట కాగితంమీదనే. మా చదువుకొనే రోజుల్లో లిఖిత పత్రికలుండేవి గుర్తుందా? చేత్తో వ్రాసి, బొమ్మలు వేసి, గోడకు అంటించేవాళ్లం. అదే మళ్లీ తెచ్చాను. లైబ్రరీ గోడమీద అట్ట ఒకటి తగిలించి పైన "స్టేటస్" అని వ్రాశాం. ఆ పేరు పిల్లలే పెట్టారు. అక్కడినుంచి ఫోనుకెక్కాలంటే కాగితం వెనక రెండు సంతకాలుండాలి. మొదటిది వ్రాసినవాళ్లది, రెండోది యింటివాళ్లది. వేలిముద్రయినా సరే. పేరు వేయాలా వద్దా అన్నది వాళ్ల యిష్టం. ఫొటోలు లేవు. గొంతులు మాత్రం శనివారం శనివారం బల్లమీద నా ఫోనొక్కటి పెట్టి, చుట్టూ కూర్చొని వింటాం. విన్నాక చెరిపేస్తాను.

ఆ శనివారాలనాడే ఇంకో ఆట మొదలుపెట్టాం. తలా ఒక ఫార్వర్డు మెసేజి కాగితంమీద వ్రాసుకొని వస్తారు. దాని పుట్టుక పట్టుకోవాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లు దేశంలో ఎన్ని ప్రాణాలు తీశాయో మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఆ యేడే వాట్సాప్‌వారు మనదేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డు చేయకుండా కట్టుదిట్టం చేశారు. చాలా చేతులు మారిన మెసేజిమీద రెండు బాణాల గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఏమిటో మా తరగతిలో ఇద్దరికే తెలుసు. స్టాఫ్ రూములో అడిగితే ఒక్కరికీ తెలియదు, నాతో కలిపి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన కొబ్బరినీ జీడినీ కూల్చిన రోజులు ఈ పిల్లలకు లీలగా గుర్తు. కరెంటు లేదు, ఫోనులు లేవు, ఏ ఊరు ఎలా ఉందో మనిషి నడిచివెళ్లి చూస్తేనే తెలిసేది. ఒక కుర్రాడు తిత్లీ ఫొటో అని ఒకటి తెచ్చాడు. బొమ్మపెట్టి వెదికే పద్ధతిలో వెదికితే అది ఎక్కడో విదేశంలో తుఫానుది. వాడు నొచ్చుకొన్నాడు. "మా నాన్నే పంపినాడు సార్. నాన్నకెలా చెప్పను?" అన్నాడు. దానిమీద అరగంట చర్చ జరిగింది. "తప్పని చెప్పకు, ఎక్కడ దొరికిందని అడుగు" అని సలహా యిచ్చింది ఎవరో తెలుసా? చెన్నై మేస్త్రీగారి అమ్మాయి.

ఆ అమ్మాయి చాలా కాలం ఏమీ వ్రాయలేదు. నేనూ అడగలేదు. మొన్న జాతర వెళ్లిన తర్వాత ఒక కాగితం తెచ్చి బల్లమీద పెట్టింది. వెనక్కి తిప్పి చూశాను. రెండు సంతకాలకు బదులు మూడున్నాయి. మూడోది నాయనమ్మ వేలిముద్ర.

"ఫోనులో పెట్టమంటావా?" అని అడిగాను.

"గోడకి అంటించండి సార్. ఫోనులో ఇప్పుడే వద్దు" అంది.

అంటించాను.