సారె లేకుండా మట్టిపాత్రల తయారీ

కుండ అనగానే గిర్రున తిరిగే సారె గుర్తుకొస్తుంది. సారె కొనలేం, తిప్పలేం అనుకుని చాలామంది మట్టిపని జోలికే వెళ్లరు. నిజానికి సారె కంటే కుండ పాతది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను (ఆదిలాబాద్ వైపు ఉన్న ఉట్నూరు వేరు) 1957లో ఆల్చిన్ తవ్వించారు. అక్కడ దొరికిన నవీన శిలాయుగపు కుండపెంకుల్లో ఎక్కువ భాగం చేత్తో చేసినవే. మణిపూర్‌లోని లోంగ్‌పిలో ఈనాటికీ నల్లని వంటపాత్రలను సారె లేకుండానే చేస్తున్నారు.

పాత్రకు రూపం ఇవ్వడం మీరు ఒక పూటలో నేర్చుకోగలరు. చిక్కంతా మట్టిలో ఉన్న నీటితోనే వస్తుంది. అందుకే ఈ పాఠంలో రూపం గురించి తక్కువగా, నీటి గురించి ఎక్కువగా తెలుసుకుంటారు.

మట్టిని గుర్తించడం

చెరువు అడుగున పేరుకున్న బంకమట్టి మీకు అందుబాటులో ఉంటే అదే మేలు. పిడికెడు తడిమట్టిని పెన్సిలంత లావున తాడులా పామి వేలికి చుట్టండి. విరగకుండా చుట్టుకుంటే పనికొస్తుంది. ఎక్కడికక్కడ పగిలితే అందులో బంక తక్కువ. నల్లరేగడి చుట్టుకోవడం బాగానే చుట్టుకుంటుంది కాని, నీటిని విపరీతంగా పీల్చి ఉబ్బి, ఆరేటప్పుడు అంతగానూ ముడుచుకుపోతుంది. వేసవిలో రేగడి చేలు నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. ఆ మట్టిని ఒంటరిగా వాడకండి. పైగా అందులో తెల్లని సున్నపు గడ్డలు ఉంటాయి. అవి మంటలో కాలి, తర్వాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతాయి. బాగా కాలిన పాత్ర కూడా వారం తిరిగేసరికి పొక్కులుగా రాలడానికి కారణం ఇదే.

తెచ్చిన మట్టిని ఎండబెట్టి, చితక్కొట్టి, బకెట్లో రెండు రోజులు నానబెట్టండి. పాత నూలుగుడ్డతో వడగట్టి, పేరుకున్నాక పైనీటిని వంచేయండి. మిగిలిన గుజ్జును గోనెసంచి మీద పరిస్తే ఒకటి రెండు రోజుల్లో చపాతీ పిండిలా అవుతుంది. చేతికి అంటుకోకుండా వేలిముద్ర పడితే సిద్ధమైనట్లే. ఎండుమట్టి కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పని చేసిన చోటును చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ దుమ్ములోని సన్నని సిలికా ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

ఇప్పుడు ఒక చిన్న కొలత. మట్టిని పలకలా ఒత్తి దానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. పూర్తిగా ఆరాక మళ్లీ కొలవండి. 9.4 ఉంటే మీ మట్టి 6 శాతం ముడుచుకుంది. దాంతో పని చేయవచ్చు. 9 కంటే తగ్గితే సన్నని ఇసుక గాని, పాత కుండపెంకుల పొడి గాని కలిపి మళ్లీ పరీక్షించండి. ఈ కొలత వేయకుండా నేరుగా పాత్ర మొదలుపెట్టే విద్యార్థులే తర్వాత పగుళ్ల గురించి ఎక్కువగా అడుగుతుంటారు.

రూపం ఇవ్వడం

నిమ్మకాయ కంటే కొంచెం పెద్ద ముద్దను బాగా పిసికి, గుండ్రంగా చేసి, మధ్యలో బొటనవేలు దించండి. అడుగున వేలు మందం వదలాలి. వేళ్ల మధ్య నొక్కుతూ, నొక్కిన ప్రతిసారీ కొంచెం తిప్పుతూ పోతే చిన్న గిన్నె వస్తుంది. పెద్ద పాత్ర కావాలంటే మట్టితాళ్లను ఒకదానిమీద ఒకటి చుట్టి, లోపలా బయటా వేలితో కలిపేయాలి. పైకి నున్నగా కనబడితే చాలదు. లోపల అతకని చుట్ట ఆరేటప్పుడు విడిపోతుంది. పిడి అతికించేటప్పుడు రెండు వైపులా గీతలు గీసి, మట్టిగుజ్జు రాసి నొక్కండి. పిడి, పాత్ర ఒకే తడిలో ఉండాలి. ఆరిన పాత్రకు పచ్చి పిడి నిలవదు.

పని మధ్యలో నీళ్లు చిలకరించాలని చేతులు ఉబలాటపడతాయి. వద్దు. పగుళ్లు కనబడితే తడివేలితో ఒకసారి రుద్దితే చాలు.

ఆరబెట్టడం

మట్టి రేణువులు సన్నని రేకుల్లా ఉంటాయి. వాటి మధ్య నీటిపొర ఉన్నందువల్లే అవి ఒకదానిమీద ఒకటి జారి, మనం చెప్పినట్లు వింటాయి. ఆ నీరు పోయేకొద్దీ రేకులు దగ్గరవుతాయి, పాత్ర ముడుచుకుంటుంది. అంచు ముందు ఆరుతుంది, అడుగు చివరికి ఆరుతుంది. ముడుచుకున్న అంచు, ముడుచుకోని అడుగు ఒకదాన్నొకటి లాగుకుంటే పగులు పుడుతుంది. కనుక మొదటి రెండు రోజులు నీడలో, అంచుకు తడిగుడ్డ కప్పి, కింద పాత పేపరు వేసి ఉంచండి. పేపరు మీద అడుగు సులువుగా జరిగి ముడుచుకోగలదు. గోరు దిగీ దిగని స్థితికి వచ్చాక బోర్లించండి. ఫ్యాన్ కింద పెట్టి తొందరపెట్టకండి.

కాల్చడం

పాత్ర పేలిందంటే లోపల గాలిబుడగ ఉండిపోయిందని సాధారణంగా అంటారు. గాలి కంటే నీరే అసలు దోషి. 100 డిగ్రీల దగ్గర మిగిలిన తేమ ఆవిరై, బయటికి దారి దొరకక గోడను చీలుస్తుంది. మందం ఎక్కువైన చోట ఇది జరిగే అవకాశం మరింత. కాల్చే ముందు పాత్రను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్లే. మరో రెండు రోజులు ఎండలో పెట్టండి.

ఆరిన మట్టిలోనూ రేణువుల నిర్మాణంలో కలిసి ఉన్న నీరు ఒకటుంటుంది. అది సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య పోతుంది. ఆ తర్వాతే మట్టి మళ్లీ నీళ్లలో కరగని పదార్థంగా మారుతుంది. వంటింటి ఓవెన్ అంత వేడిని ఇవ్వలేదు కాబట్టి దాంట్లో 'కాల్చిన' గిన్నె నీళ్లు పోస్తే బురదే. దగ్గరలో కుమ్మరి పనివారు ఉంటే వారి ఆవంలో మీ పాత్రలకూ కాస్త చోటు అడగండి. అది కుదరనప్పుడు ఆరుబయట, ఇళ్లకు గడ్డివాములకు దూరంగా, పిడకలు, వరిగడ్డి పేర్చి కాల్చవచ్చు. ముందు పాత్రల చుట్టూ దూరంగా చిన్న మంట వేసి గంటకు పైగా వెచ్చబెట్టి, ఆ తర్వాతే మంటను దగ్గరికి తేవాలి. మంట ఆరాక బూడిదను కదపకుండా మర్నాటి ఉదయం వరకు వదిలేయండి. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఒక్కసారిగా పరిమాణం మారుతుంది. వేడి పాత్రను చల్లగాలిలోకి తీస్తే అక్కడే చీలుతుంది.

ఇలా కాలిన పాత్ర గోడలోంచి నీరు ఊరుతుంది. మొక్కలకు, ప్రమిదలకు, మంచినీళ్లకు బాగుంటుంది. పాలు, నూనె నిలవ ఉంచడానికి వాడకండి.

అభ్యాసం

ఒకే మట్టితో రెండు గిన్నెలు చేయండి. ఒకదాన్ని వెంటనే ఎండలో, రెండోదాన్ని అంచుకు తడిగుడ్డ కప్పి నీడలో ఆరబెట్టండి. పగుళ్లు ఎక్కడ, ఎన్నో రోజున మొదలయ్యాయో మీ నోటుపుస్తకంలో బొమ్మ గీసి రాయండి. పగిలిన గిన్నెను పారేయకండి. ఇంకా కాల్చలేదు కనుక, నానబెడితే మళ్లీ మట్టే.