వేడిగాలి వ్యవస్థలలో లోపనిర్ధారణ: బియ్యపు మిల్లుల డ్రయ్యర్లు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలకు సాగర్ ఎడమ కాలువ, సూర్యాపేట ప్రాంతానికి మూసీ ప్రాజెక్టు సాగునీటి ఆధారాలు. వరి విస్తారంగా పండే ఈ ప్రాంతంలో బియ్యపు మిల్లులు వెలిశాయి. ఇక్కడి వాణిజ్య భవనాలకు ఏడాదిలో అధికభాగం చల్లని గాలే అవసరం. వేడిగాలి అవసరం ప్రధానంగా కనిపించేది బాయిల్డ్ రైస్ మిల్లుల డ్రయ్యర్లలో. పెద్ద భవనాల గాలి సరఫరా యంత్రంలో ఉన్నట్లే ఇక్కడా ఫ్యాను, వేడి కాయిల్, వాల్వు, ఉష్ణమాపకం ఉంటాయి. కనుక రెండింటిలోనూ లోపనిర్ధారణ సూత్రం ఒకటే.

2. లోపం వల్ల నష్టం:

నానబెట్టి ఉడికించిన వడ్లలో తేమ సుమారు 35 శాతం ఉంటుంది. దానిని 14 శాతానికి తేవాలి. ఊకతో మండే బాయిలర్ నుండి వచ్చే ఆవిరి కాయిల్‌ను వేడిచేస్తుంది. బ్లోయరు ఆ వేడిని గాలి ద్వారా వడ్లకు చేరుస్తుంది. వేడి చాలకపోతే బియ్యం నిల్వలో బూజు పడుతుంది. తేమ 16 శాతానికి తగ్గాక కూడా వేడి తీవ్రంగా ఉంటే గింజ లోపల పగిలి, మరపట్టేటప్పుడు నూకలు పెరుగుతాయి.

3. లక్షణం – కారణం:

“గాలి వేడెక్కడం లేదు” అన్నది లక్షణమే కాని కారణం కాదు. దాని ఆధారంగా ఆవిరి అందడం లేదని నిర్ణయించడం తర్కశాస్త్ర పరిభాషలో సవ్యభిచార హేతువు. ఆవిరి అందుతున్నప్పుడు కూడా ఆ లక్షణం కనిపించవచ్చు. అందువల్ల ఒక కొలతను మరొక కొలతతో పోల్చాలి.

అ) వాల్వు తెరిచి, ఆవిరి పీడనం సరిగా ఉన్నా గాలి వేడెక్కకపోతే, కాయిల్‌లో నీరు నిలిచిందేమో, లోపల పొర కట్టిందేమో చూడాలి.
ఆ) గాలి వేడిగానే ఉన్నా వడ్లు ఆరకపోతే, కాయిల్ రెక్కలకు దుమ్ము పట్టి గాలి ప్రవాహం తగ్గిందేమో పరీక్షించాలి.
ఇ) వాల్వు మూసినా, కాయిల్ చల్లారడానికి తగిన వ్యవధి ఇచ్చినా, గాలి వేడెక్కుతూనే ఉంటే వాల్వు కారుతున్నట్లు అనుమానించాలి.
ఈ) ఈ మూడింటికీ ముందు ఉష్ణమాపకాన్ని మరొక దానితో సరిచూడాలి.

భవనాలలో మూడవ లోపం తరచు కనబడదు. కారిన వేడిని చల్లదనపు కాయిల్ తొలగిస్తుంది. గది సుఖంగానే ఉంటుంది, విద్యుత్తు మాత్రం వృథా అవుతుంది. ఇటువంటి పోలికలనే అమెరికాలోని ఎన్.ఐ.ఎస్.టి. పరిశోధకులు ‘ఏపార్’ పేరుతో 28 నియమాలుగా కూర్చారు. వేడిచేసే దశలో బయటికి వచ్చే గాలి, లోపలికి వెళ్ళే గాలి కంటే వేడిగా ఉండాలన్నది వాటి మూలభావాలలో ఒకటి.

4. ముగింపు:

లోపనిర్ధారణకు ఖరీదైన పరికరాల కంటే ముందు కావలసినది సరైన అనుమాన క్రమం. కాయిల్‌కు ముందూ వెనుకా ఒక్కొక్క ఉష్ణమాపకం, పీడనమాపకం, క్రమం తప్పని నమోదు ఉంటే, నూకల శాతం పెరగకముందే లోపాన్ని గుర్తించే వీలుంటుంది. లక్షణాన్నీ కారణాన్నీ వేరుచేసి చెప్పే తెలుగు పరిభాష స్థిరపడితే ఈ జ్ఞానం మిల్లు కార్మికులకు సులభంగా అందుతుంది.