వెనక్కి నడిచే జలపాతం

గయానా రాజధాని జార్జ్‌టౌన్‌లో చిన్న విమానం ఎక్కితే దాదాపు గంటసేపు కింద అడవే. నడుమ నదుల మెలికలు, అక్కడక్కడా బంగారు గనుల గుంతలు. ఆ తర్వాత ఉన్నట్టుండి నేల తెగిపోతుంది. ముదురు గోధుమరంగు నది ఒకటి కొండ అంచు దాటి తెల్లగా లోయలోకి దూకుతూ కనిపిస్తుంది. అదే కైటూర్ జలపాతం.

ఇక్కడ పొటారో నది ఒక్క దూకులో 226 మీటర్ల కిందికి పడుతుంది. నయాగరాకు నాలుగింతలకు మించిన ఎత్తు, విక్టోరియా జలపాతానికి రెండింతలు. ఇంతకన్నా ఎత్తయినవి చాలానే ఉన్నా వాటిలో ఎక్కువ భాగం సన్నని ధారలు. ఇంతకన్నా ఎక్కువ నీళ్లు దూకేవి ఉన్నా అవి పొట్టివి. ఇంత ఎత్తు నుంచి ఇంత నది పడే చోటు అరుదు. వానలు కురిసినప్పుడు ధార వెడల్పు 100 మీటర్ల దాకా ఉంటుంది. ఎండల్లో బాగా చిక్కిపోతుంది. అడవిలో రాలిన ఆకుల వగరు దిగడం వల్లే నీటికి ఆ రంగు.

వెళ్లినవాళ్లంతా ఫొటో తీసేది నీళ్లనే. నన్నడిగితే ముందు చూడాల్సింది రాయిని. పకరైమా కొండల్లోని ఈ ఇసుకరాయి, గులకరాళ్లు అతుక్కుని గట్టిపడ్డ శిల 170 కోట్ల ఏళ్లకు పైబడినవి. మన కడప బేసిన్‌లో అడుగు పొరల వయసూ ఇంచుమించు అంతే. కైటూర్ దగ్గర పైపొర మహా గట్టిది, దాని కిందివి అంత గట్టివి కావు. పడ్డ నీటి తాకిడికి, ఎగిరే తుంపరకు కింది పొరలు లోపలికి తొలుచుకుపోతాయి. పైపొర చూరులా ముందుకు నిలుస్తుంది. ఆధారం పోయిన చూరు ఎప్పుడో ఒకప్పుడు విరిగి పడుతుంది, జలపాతం ఆ మేరకు వెనక్కి జరుగుతుంది. ఇలా జరిగి జరిగి దిగువన సుమారు 8 కిలోమీటర్ల లోయ ఏర్పడింది. అంచు మీది బాయ్ స్కౌట్స్ వ్యూ దగ్గర నిలబడి జలపాతానికి వీపు తిప్పి చూస్తే అది నడిచొచ్చిన దారంతా కళ్లముందు ఉంటుంది.

1870 ఏప్రిల్ 24న దీన్ని చూసి లోకానికి చెప్పిన చార్లెస్ బారింగ్టన్ బ్రౌన్ కూడా రాళ్లు చదివే మనిషే. బ్రిటిష్ గయానా భూగర్భ సర్వేలో పనిచేసేవాడు. ఆ విడత కొలతలకు వీలుపడక మరుసటి ఏడాది మళ్లీ వచ్చి ఎత్తు కట్టాడు. ఆయన్ని అడవి దాటించింది స్థానిక ఆదివాసులే. ఈ నీళ్ల ఒడ్డున పటమోనా తెగవాళ్లు ఎన్నో తరాలుగా బతుకుతున్నారు. శత్రువుల నుంచి తన జనాన్ని కాపాడమని మకొనైమా దేవుణ్ని వేడుకుంటూ కై అనే నాయకుడు పడవతో సహా అంచు దాటాడన్నది వాళ్లు చెప్పే కథ. బ్రౌన్ విన్న కథ వేరు. అందులో త్యాగం లేదు. బంధువులే భారమైన ముసలాయన్ని పడవలో కూర్చోబెట్టి ప్రవాహంలోకి వదిలేశారట. రెండో కథే నన్ను ఎక్కువ కలచివేస్తుంది.

జాతీయ పార్కు 1929లోనే వచ్చింది. 1999లో దాన్ని సుమారు 627 చదరపు కిలోమీటర్లకు పెంచారు. తమను సరిగా సంప్రదించకుండానే హద్దులు గీశారన్నది ఎగువన చెనపావు గ్రామంలోని పటమోనాల ఫిర్యాదు. వాళ్ల బాధ న్యాయమైనదే. అడవిని కాపాడటం అవసరం, అందులో పుట్టినవాళ్లను పరాయివాళ్లను చేయకుండా కాపాడటం ఇంకా అవసరం.

జలపాతానికి వెళ్లే కాలిబాట పక్కన మనిషిని మించి ఎదిగే బ్రొమీలియడ్ మొక్కలుంటాయి. వాటి ఆకుల మొదళ్లలో నిలిచే కాసిని వాన నీళ్లే ఒక బంగారు రంగు కప్పకు లోకం. 2 సెంటీమీటర్లు కూడా ఉండదు. గుడ్లు పెట్టడం, పిల్లలు పెరగడం అన్నీ ఆ మొక్కల్లోనే. కాస్త వంగి, ఆకును ముట్టుకోకుండా, ఓపిగ్గా చూస్తే కనిపిస్తుంది. సాయంత్రమైతే వేల స్విఫ్ట్ పక్షులు లోయ మీద గుంపుగా తిరిగి, నిట్టనిలువునా దిగి నీటితెర వెనక్కి దూరిపోతాయి. నీరు తొలిచిన ఆ గుహే వాటి రాత్రి నివాసం. జలపాతాన్ని వెనక్కి జరిపే గుల్లే పక్షులకు గూడన్నమాట.

మనవాళ్లకు గయానా అనగానే క్రికెటర్లు క్లైవ్ లాయిడ్, చందర్‌పాల్ గుర్తొస్తారు. అంతకన్నా పాత బంధం ఒకటుంది. 1838 నుంచి 1917 దాకా చెరకు తోటల్లో కూలికి సుమారు 2.39 లక్షల మంది భారతీయులు అక్కడికి ఓడెక్కారు. ఎక్కువమంది కలకత్తా నుంచి వెళ్లారు. మద్రాసు ఓడల్లో వెళ్లిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. భాష నిలవలేదు గానీ, మద్రాసీలు మొదలుపెట్టిన కాళీ పూజ తీరప్రాంత ఊళ్లలో నేటికీ సాగుతోంది.

ఇక ప్రయాణం. అమెరికాలో ఉన్నవాళ్లకు తేలిక, న్యూయార్క్, మయామీల నుంచి జార్జ్‌టౌన్‌కు నేరుగా విమానాలున్నాయి. ఊరిని ఆనుకున్న ఓగల్ విమానాశ్రయం నుంచి కైటూర్‌కు చిన్న విమానాలు వెళ్తాయి. తగినంత మంది లేకపోయినా, కొండల మీద మబ్బు కమ్మినా ప్రయాణం వాయిదా పడుతుంది కాబట్టి దీన్ని తిరుగు ప్రయాణం ముందురోజుకు పెట్టుకోవద్దు. మే నుంచి ఆగస్టు దాకా వానలు, నీళ్లు జోరుగా ఉంటాయి, మబ్బులూ అంతే. విమానంలో వెళ్తే అక్కడ దొరికేది మహా అయితే రెండు గంటలు. గైడ్ వెంట ఉంటాడు, అంచు దగ్గరికి పోనివ్వడు. ఆ మాట వినాలి.

ఓపిక, కాళ్లలో సత్తువ ఉంటే మాత్రం నేల దారినే పోవాలి. కొన్ని రోజుల ప్రయాణం. రోడ్డు మీద పమేలా లాండింగ్ చేరి, పడవలో పొటారోకు ఎదురెక్కుతూ, అమటుక్, వరటుక్ దగ్గర సామాను మోసుకుని దాటి, టుకైట్‌లో దిగాలి. అక్కడి నుంచి నిట్టనిలువుగా ఎక్కాలి. ‘ఓ మై గాడ్’ కొండ అని దాని పేరు. స్థానిక గైడ్లు లేకుండా బయల్దేరకూడదు. జలపాతం వెనక్కి నడిచిన లోయ వెంటే ఎక్కుతూ వెళ్లి దాన్ని చేరుకునే దారి ఇదొక్కటే.

మన దేశం నుంచి వెళ్లేవాళ్లు వీసా నిబంధనలు ముందే చూసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకుని ధ్రువపత్రం దగ్గర పెట్టుకోవాలి. అది లేకుండా గయానా నుంచి తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి, 6 రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. హైదరాబాద్‌లో ఈ టీకా నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.