పురిని గుర్తుపట్టే పరీక్ష

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ముందుగానే పట్టుకోగలిగిన వ్యాధి. ఎందుకంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, సోకిన తర్వాత దాన్ని వదిలించుకోలేని కొద్దిమంది స్త్రీలలో మాత్రమే ముఖద్వారపు పైపొర కణాలు మెల్లగా చెడుతూ వచ్చి, సాధారణంగా పదేళ్లకు పైగా గడిచాక క్యాన్సర్‌గా మారతాయి. ఆ నడిమి కాలంలో చెడిన కణాలను పట్టుకునే పాప్ స్మియర్ పరీక్ష సంపన్న దేశాలలో ఎందరో ప్రాణాలను నిలిపింది. అయితే దానికి గాజుపలకపై పరిచిన కణాలను సూక్ష్మదర్శిని కింద చదవగల నిపుణులూ, కొన్నేళ్లకోసారి మళ్లీ మళ్లీ వచ్చే స్త్రీలూ కావాలి. శ్రీకాకుళం జిల్లా కవిటిలోనో, పాత విజయనగరం జిల్లాలోని గుమ్మలక్ష్మీపురంలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అటువంటి నిపుణులు ఉండరు; పలాస జీడిపప్పు పరిశ్రమలో దినకూలీకి వెళ్లే స్త్రీ పరీక్ష కోసం ఒక రోజు మానుకుంటే ఆ రోజు కూలి పోతుంది; ఇచ్ఛాపురం నుంచి విశాఖ శివారు అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి 200 కిలోమీటర్లకు పైగా దూరం.

అందువల్ల ఇటువంటి చోట్ల ముందుగా నిలదొక్కుకున్నది వీఐఏ అనే పరీక్ష. ముఖద్వారానికి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం, అంటే ఇంచుమించు వెనిగర్, పూసి ఒక నిమిషం ఆగితే, చెడిన కణాలున్న చోటు తెల్లబడుతుంది. 2016లో ప్రకటించిన జాతీయ విధానం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు ఐదేళ్లకోసారి చేయమన్నది ఈ పరీక్షనే. దీనికి ఖర్చు చాలా తక్కువ, ఫలితం అక్కడికక్కడే తెలుస్తుంది. కానీ తీర్పంతా చూసేవారి కంటిమీదే ఆధారపడుతుంది. పైగా వయసు మళ్లిన స్త్రీలలో కణాలు మారే వలయం లోపలికి జరిగిపోవడంతో చూడవలసిన చోటే కంటికి అందదు.

కంటితో పనిలేకుండా వైరస్‌నే వెదికే పరీక్షలలో అత్యంత చమత్కారమైనది అమెరికాలోని డైజీన్ సంస్థలో అటిలా లోరింజ్ బృందం రూపొందించిన హైబ్రిడ్ క్యాప్చర్. నమూనాలో క్షారద్రావణం కలిపి వేడిచేస్తే వైరస్ డీఎన్ఏలోని రెండు పేటలు విడిపోతాయి. అదే క్షారం నమూనాలో ముందునుంచీ ఉన్న ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తుంది. ఆ తర్వాత క్షారాన్ని తటస్థం చేసి, క్యాన్సర్ కలిగించగల 13 రకాల హెచ్‌పీవీకి సరిజోడుగా తయారుచేసిన ఆర్ఎన్ఏ పేటలను కలుపుతారు. వైరస్ ఉంటే దాని డీఎన్ఏ పేట, పోసిన ఆర్ఎన్ఏ పేట ఒకదానికొకటి పెనవేసుకుంటాయి. డీఎన్ఏతో డీఎన్ఏ పెనవేసుకున్న జంటలు ఆ నమూనా నిండా స్త్రీ సొంత కణాలవే ఉండవచ్చు. డీఎన్ఏతో ఆర్ఎన్ఏ పెనవేసుకున్న జంట మాత్రం వైరస్ ఉంటే తప్ప దాదాపుగా కనిపించదు. ఈ సంకర జంట మెలిక తీరే వేరు గనుక, ఆ మెలికకు మాత్రమే అంటుకునే ప్రతిరక్షకాన్ని, అంటే యాంటీబాడీని, పాత్ర గోడకు పూసి ఉంచుతారు. పొందూరులో నూలు వడికే చేయి రంగు చూడకుండానే వేలి కొసతో పురిని పోల్చినట్టు, ఆ ప్రతిరక్షకం అక్షరాలను చదవదు, ఆకారాన్ని గుర్తుపడుతుంది. అందుకే పదమూడు రకాలకూ అదొక్కటే సరిపోతుంది.

ఆ పైన జరిగేది మరింత అందమైన పని. వెలుగు పుట్టించే ఎంజైములు మోసుకొచ్చే రెండో విడత ప్రతిరక్షకాలను పోస్తే, దాదాపు 8,000 అక్షరాల పొడవున్న ఒక్కొక్క జంటకు సుమారు వెయ్యి అతుక్కుంటాయి; ఒక్కొక్కటి మూడేసి ఎంజైములను తెస్తుంది గనుక సంకేతం 3,000 రెట్లు పెరుగుతుంది. వైరస్‌ను వెదికే మరో పద్ధతి పీసీఆర్ వైరస్ డీఎన్ఏకే కోట్ల నకళ్లు తీస్తుంది. అందువల్ల పక్క గొట్టం నుంచి చింది పడ్డ ఒక్క తుంపర కూడా తప్పుడు ఫలితం ఇవ్వగలదు. హైబ్రిడ్ క్యాప్చర్ నకలు తీయదు, ఉన్నదాని జాడను మాత్రమే పెద్దది చేస్తుంది. చిన్న ప్రయోగశాలకు ఇదే పెద్ద వరం. దొరికింది ఏ రకం వైరసో ఇది చెప్పలేదన్నది నిజమే, కానీ ఎవరిని మళ్లీ పరీక్షించాలో తేల్చడానికి అది అడ్డు కాదు.

వీఐఏకూ హెచ్‌పీవీ పరీక్షకూ మధ్య పోటీని భారతీయ గ్రామాలే తేల్చాయి. తమిళనాడులోని దిండిగల్‌లో వీఐఏ మరణాలను 35 శాతం తగ్గించగా, మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో 1,31,746 మంది స్త్రీలపై సాగి 2009లో వెలువడిన శంకరనారాయణన్ బృందపు అధ్యయనంలో ఒకే ఒక్క విడత హెచ్‌పీవీ పరీక్ష మరణాలను దాదాపు సగానికి దించింది. వీఐఏకు అక్కడ గణనీయమైన ఫలితం రాలేదు. అంతకు ముందే పాత్ర గోడకు బదులు అయస్కాంత పూసలను వాడి, కుళాయి నీరు, నిలకడైన కరెంటు లేకున్నా రెండున్నర గంటలలో ఫలితమిచ్చేలా కేర్‌హెచ్‌పీవీ అనే చిన్న రూపం తయారైంది. చైనాలోని షాన్సీలో 2,500 మందికి పైగా స్త్రీలపై జరిపిన పరీక్షలో అది ముదిరిన మార్పులలో 90 శాతాన్ని పట్టుకోగా, వీఐఏ 41 శాతం దగ్గర ఆగిపోయింది.

తెలుగు నేలపై మేడ్చల్ పరిసర గ్రామాలలో జరిగిన అధ్యయనం మరో అడ్డంకిని తొలగించింది. స్త్రీలు తామే సేకరించుకున్న నమూనాల ఫలితాలు వైద్యసిబ్బంది తీసిన వాటితో చాలావరకు ఏకీభవించాయి. సిగ్గు, బిడియం, దూరం మూడూ కలిసి ఆపుతున్న చోట, ఆశా కార్యకర్త ఇచ్చిన పుల్లతో ఇంట్లోనే నమూనా తీసుకోగలగడం ఏ యంత్రం కన్నా చిన్న విషయం కాదు.

తర్వాతి కథ వేగంగా సాగింది. కేర్‌హెచ్‌పీవీ ఆశించినంత వ్యాపించలేదు. గోవాలోని మోల్‌బియో సంస్థ చేసిన ట్రూనాట్ వంటి బ్యాటరీ పీసీఆర్ యంత్రాలు క్షయ, కోవిడ్ పరీక్షల పుణ్యమా అని ప్రభుత్వ ప్రయోగశాలలకు చేరగా, వాటిపైనే నడిచే హెచ్‌పీవీ చిప్‌లు కూడా వచ్చాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్‌పీవీ పరీక్షనే మొదటి ఎంపికగా సిఫార్సు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి క్యాన్సర్ పరీక్షలలో ముఖద్వార క్యాన్సర్ కూడా ఉంది. చెడిన కణాలను సుమారు 100 డిగ్రీల వేడితో అర నిమిషంలో మాడ్చివేసే చిన్న పరికరం కూడా బ్యాటరీతోనే నడుస్తుంది గనుక, ఫలితం చెప్పే యంత్రం ఉన్న ఆరోగ్య కేంద్రంలోనే దాన్నీ ఉంచితే, వైరస్ కనబడి, చికిత్స అవసరమైన స్త్రీలలో చాలామంది అగనంపూడి దాకా వెళ్లనక్కరలేదు.