కణపు పొరలో నీటిదారి: ఎందుకు? ఎలా?

వేసవిలో మంచినీటి కుండ వెలుపల చెమర్చుటను మీరు చూచియే యుందురు. మట్టిలోని కంటి కానరాని రంధ్రముల గుండ నీరు వెలికి ఊరుచున్నది. మరి మన దేహమందలి ప్రతి కణమునకును చుట్టు కొవ్వుపొర గలదు. నూనెకును నీటికిని పొత్తు కుదరదు గదా, నీరు లోనికెట్లు పోవుచున్నది? కొంత ఆ పొరగుండనే మెల్లగా జారును గాని, మూత్రపిండము వంటి అవయవమునకు ఆ వేగము చాలదు.

1992లో అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రే బృందము, ఎఱ్ఱ రక్తకణములలో దొరికిన యొక ప్రోటీనును కప్పగ్రుడ్లలో పుట్టించి, వానిని పలుచని ద్రావణమున నుంచగా, అవి నిమిషములలో ఉబ్బి పగిలెను; ఆ ప్రోటీను లేని గ్రుడ్లు నిలిచియే యుండెను. ఎంత సూటియైన పరీక్ష! ఆ ప్రోటీనే ఆక్వాపోరిన్. దాని దారి మిక్కిలి ఇఱుకైన చోట ఒక్క నీటి అణువే పట్టును; అయినను అణువులు బారులు తీరి సెకనుకు సుమారు 300 కోట్లు సాగిపోవును.

ఈ ప్రోటీను రెండు సగములును ఒకదానినొకటి పోలి, తలక్రిందుగా అమరియుండుటచేత, పురాతన కాలమున ఒక చిన్న జన్యువు రెట్టింపై, ఆ రెండును ఏకమైనవని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. మన ప్రేగులలోని ఇ. కోలై బాక్టీరియాలో ఇట్టి దారులు నీటికొకటి, గ్లిజరాలను పదార్థమునకొకటి గలవు. ఈ ప్రోటీనుల కుటుంబము మనలో 13 రకములుగా విస్తరిల్లినది. ఆవమొక్కకు చుట్టమైన అరబిడాప్సిస్‌లోనో 35! ఎండ కాచినను వరద ముంచినను చోటు వీడలేని మొక్క, ఈ దారులలో కొన్నిటిని మూసికొనుచు, తెరచికొనుచు బ్రదుకుచున్నది.